బైబిల్ మ్యాప్‌లో చుక్కను సరిచూడటం ఎట్ల?

దేవరకొండలో మా సండే స్కూల్ టీచర్లు ఫోన్‌లోని బైబిల్ మ్యాప్‌ను టీవీకి కలిపి పాఠం చెప్తున్నారు. మంచిదే. కానీ సర్వే శాఖలో పనిచేసి రిటైరైనోణ్ణి కదా, నక్ష కనబడితే ముందు హద్దురాయి ఏదని అడుగుతా.

ఊరి పేరు నొక్కితే వచ్చే అక్షాంశ రేఖాంశాల అంకెలు చూసి మోసపోకండి. దశాంశం తర్వాత ఐదంకెలంటే మీటరు దాకా కొలిచినట్టు లెక్క. సొదొమకు కూడా యాప్ అట్లనే చూపిస్తది. అసలు సొదొమ ఎక్కడో ఇంకా తేలనే లేదు. మృత సముద్రానికి ఆగ్నేయాన బాబ్ ఎద్‌ద్రా అని కొందరు, ఈశాన్యాన తల్ ఎల్ హమ్మామ్ అని ఇంకొందరు. రెండింటి నడుమ 60 కిలోమీటర్లకు పైనే!

అందుకే పిన్ను కింద ఇప్పటి ఊరి పేరు ఉంటే, ఆ పేరుతో వెతికి, అక్కడ పాత పేరు రాసిన రాయో పెంకో దొరికిందా చూడండి. గెజెరుకు దొరికింది. ఊరి చుట్టూ బండల మీద 'గెజెరు పొలిమేర' అని చెక్కిన రాతలు 1870ల్లో బయటపడ్డాయి. నాకైతే ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. గిబియోనుకూ అంతే: 1956లో మొదలైన తవ్వకాల్లో ఇప్పటి ఎల్ జీబ్ ఊరి దగ్గర ఆ పేరు గీసిన కూజా పిడులు దొరికాయి. దెర్బే పేరున్న శాసనం దొరికింది కూడా 1956లోనే, టర్కీలోని కెర్తి హొయూక్‌లో. అంతకుముందు అచ్చైన అట్లాసుల్లో దెర్బే వేరే చోట ఉంటది. పాత మ్యాప్ స్కాన్ చేసి పెట్టిన యాప్ అయితే ఆ తప్పు మీకూ వస్తది.

శాసనం లేకుంటే దూరం కొలవండి. లూకా 24లో యెరూషలేము నుంచి ఎమ్మాయు ఊరి దూరం చాలా గ్రీకు ప్రతుల్లో 60 స్టాడియాలు (ఆనాటి దూరం కొలత), అంటే 11 కిలోమీటర్ల చిల్లర. కొన్ని ప్రతుల్లో 160, దాదాపు 30 కిలోమీటర్లు. మొదటి లెక్కకు ఎల్ కుబైబా అనే ఊరు దగ్గరపడుతది, రెండోదానికి ఇమ్వాస్ అనే చోటు. గూగుల్ మ్యాప్స్‌లో 'దూరం కొలవండి' నొక్కితే వచ్చేది తిన్నని గీత. నడిచే బాట అంతకన్నా ఎక్కువే అని మరవకండి.

ఒకే పేరు రెండు ఊళ్ళకుంటే ఇంకో తంటా. అపొస్తలుల కార్యములు 13లోనే రెండు అంతియొకయలున్నాయి: 1వ వచనంలోది సిరియాది, ఇప్పటి అంతాక్యా, 14వ వచనంలోది పిసిదియది, యల్వాచ్ దగ్గర.

ఊరు జరిగిందేమో కూడా చూడాలి. యెహోషువ నాటి యెరికో తెల్ ఎస్ సుల్తాన్ దిబ్బ. హేరోదు కట్టించిన యెరికో అక్కడికి రెండు కిలోమీటర్ల అవతల. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం నీళ్ళలో మునగకుండా అలంపూర్‌కు తరలించారు కదా. ఇప్పటి గుడి మీద పిన్ను పెట్టి కృష్ణా తుంగభద్రలు ఇక్కడే కలుస్తాయంటే పాలమూరు పిల్లలు నవ్వరా?

ఇంత చూశాక మీ మ్యాప్ మీరే గీసుకోండి. రాత దొరికిన ఊరికి నిండు చుక్క, మిగతావాటికి ఖాళీ చుక్క. ఎమ్మాయుకు రెండు ఖాళీ చుక్కలు పెట్టండి. 'అసలుది ఏది సార్' అని పిల్లలు అడిగితే లూకా తీయించి, దూరం వాళ్ళతోనే కొలిపించండి.