ఇంట్లోనే కాంపౌండ్ బో ట్యూనింగ్: ఏ సామాను ముందు కొనాలి, ఏది ఆఖర్న కొనాలి

మా అమ్మాయి కాంపౌండ్ బో, అంటే రెండు కొసల్లోనూ కామ్‌లనే చక్రాలుండే విల్లు, పట్టి నాలుగేళ్లు దాటింది. మొదటి రెండేళ్లూ బోకి ఏ చిన్న తేడా వచ్చినా కేసులో సర్దుకుని ట్యూనింగ్ చేసే, అంటే బోని సరిచేసే, ఆయన దగ్గరికి పరిగెత్తేవాళ్లం, ఆయనకి తీరిక దొరికేదాకా కూర్చునేవాళ్లం, ఒక్కోసారి పోటీ రెండ్రోజుల్లో ఉందనగా కూడా బో ఆయన దగ్గరే ఉండేది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చాక మా చుట్టుపక్కల కాంపౌండ్ నేర్చుకుంటామనే పిల్లలు బాగా పెరిగారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా పెట్టారు కాబట్టి ఇంకా పెరుగుతారు. పిల్లలు పెరిగినంతగా బో బాగుచేసేవాళ్లు పెరగలేదు. అందుకే ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, దానికి ఏం కొనాలి అన్నది నాకు అనుభవంలో తెలిసినంత రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తా. కొలిచే సామాను ముందు కొనండి, విప్పే సామాను తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఉత్సాహం కొద్దీ ముందు బో ప్రెస్, అంటే బోని నొక్కిపట్టి తాళ్లు వదులు చేసే యంత్రం, కొనేస్తారు, కానీ బోలో ఏం మారిందో తెలియకుండా ప్రెస్‌లో పెట్టి స్ట్రింగ్‌కి, అంటే వింటితాడుకి, మెలికలు వేస్తే ఉన్న తేడాకి ఇంకో తేడా తోడవుతుంది.

మాకు ఇది ఎలా తెలిసిందంటే, ఒక వేసవిలో మా అమ్మాయి బాణాలు 50 మీటర్ల దగ్గర ఉన్నట్టుండి కిందకి పడటం మొదలుపెట్టాయి. రిలీజ్, అంటే స్ట్రింగ్ వదిలే తీరు, తప్పు అన్నారు, భుజం జారుతోంది అన్నారు, మూడు వారాలు పొద్దున్నే లేపి డ్రిల్స్ చేయించాం, పాపం అది ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. చివరికి ఒకాయన స్టీల్ టేపు పెట్టి ఒక యాక్సిల్ (కామ్ తిరిగే ఇరుసు) నుంచి రెండో యాక్సిల్‌కి కొలిచి, కంపెనీ కాగితంలో ఉన్న అంకె పక్కన పెట్టి చూస్తే బో పొడుగు పెరిగి ఉంది. ఎండకి, వాడకానికి కేబుల్, అంటే స్ట్రింగ్ కాకుండా కామ్‌లకి ఉండే తాడు, సాగింది, దాంతో పౌండేజ్ (బో లాగడానికి పట్టే బలం) తగ్గింది, కామ్‌ల టైమింగ్ (రెండూ ఒకేసారి తిరగడం) పోయింది. పిల్ల తప్పేం లేదు. అంతకుముందు మేము కొలతలు రాసిపెట్టుకుని ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

కాబట్టి మొదటి సామాను ఒక స్టీల్ టేపు, ఒక నోట్‌బుక్. బట్టల టేపు వద్దు, అది కూడా సాగుతుంది. బో బాగా పనిచేస్తున్న రోజునే కొలవాలి, చెడిపోయాక కొలిచి లాభం లేదు. యాక్సిల్ టు యాక్సిల్, బ్రేస్ హైట్ అంటే గ్రిప్ లోతైన చోటు నుంచి స్ట్రింగ్ దాకా, పైన కింద టిల్లర్ అంటే లింబ్ (బో రెక్క) మొదలు నుంచి స్ట్రింగ్ దాకా, నాక్ పాయింట్ (బాణం వెనక గాడి, అంటే నాక్, స్ట్రింగ్‌కి తగిలే చోటు) ఎత్తు, పీప్ (స్ట్రింగ్‌లో కన్ను పెట్టి చూసే చిన్న రంధ్రం) ఎత్తు, పీక్ పౌండేజ్ అంటే లాగేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పడే బలం, ఇవన్నీ తారీఖుతో సహా రాయండి. ఇంకో పని, కామ్ మీద కేబుల్ ఆనుకునే చోట సన్నటి సిల్వర్ మార్కర్‌తో పైన ఒక గీత, కింద ఒక గీత పెట్టండి. కేబుల్ సాగితే కామ్ తిరిగి ఆ గీత పక్కకి జరుగుతుంది, టేపు తీయకుండానే కంటికి కనిపిస్తుంది. ఈ గీతకి ఖర్చు దాదాపు ఏమీ లేదు, మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది మాత్రం ఇదే.

తర్వాత బో స్కేల్, అంటే బో లాగడానికి ఎంత బలం పడుతుందో చూపించే త్రాసు. వరల్డ్ ఆర్చరీ పోటీల్లో కాంపౌండ్‌కి పీక్ వెయిట్ 60 పౌండ్లు దాటకూడదు, అంటే 27.2 కిలోలు, కాబట్టి ఆ దరిదాపుల్లో వేసేవాళ్లకి స్కేల్ తప్పనిసరి. అమెరికా వెళ్లేవాళ్లు సూట్‌కేసు తూచుకునే చేతి త్రాసు మన ఇళ్లలో చాలావాటిలో ఉంటుంది, దాంతో సరిపెట్టొచ్చా అని అడుగుతారు. 50 కిలోల దాకా చూపించేదైతే బరువు పరంగా సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే సూట్‌కేసు బరువు నిలకడగా ఉంటుంది, కాంపౌండ్ బరువు ఒక్కసారి శిఖరానికి వెళ్లి మళ్లీ పడిపోతుంది, మామూలు లగేజీ త్రాసు అంకె నిలకడగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది. అందుకని పీక్ హోల్డ్, అంటే శిఖరం అంకెని పట్టి ఉంచే సదుపాయం, ఉన్నది చూసి కొనండి. ఇంట్లో ఉన్నదానితో ముందు ఒక తెలిసిన బరువు, 25 కిలోల బియ్యం బస్తా లాంటిది, తూచి చూస్తే అది ఎంత నిజం చెబుతోందో తెలుస్తుంది.

బాణాల బరువు గ్రెయిన్లనే చిన్న కొలతలో చెబుతారు, దానికి విడిగా గ్రెయిన్ స్కేల్ కొననక్కర్లేదు. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు, 0.01 గ్రాము చూపించేది చాలు. ఒక గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు, లెక్క వేసుకోవడమే.

అలెన్ కీల దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు, ఇది గట్టిగా చెబుతున్నా. బో మీద బోల్టులు ఎక్కువగా అంగుళాల కొలతవి, మన సైకిల్ షాపులో, హార్డ్‌వేర్ కొట్లో చేతికిచ్చేది మిల్లీమీటర్ల సెట్టు. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. అందులో 6 ఎంఎం కీ పెడితే దూరుతుంది, తిరుగుతుంది కూడా, కానీ మూలల దగ్గర సందు ఉంటుంది. లింబ్‌ని బోకి పట్టి ఉంచే లింబ్ బోల్ట్ మీద ఉండే బలానికి రెండు మూడుసార్లు తిప్పేసరికి లోపలి ఆరు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఇక ఏ కీ పట్టదు. మా మొదటి బోకి కింది లింబ్ బోల్ట్ అలాగే పోయింది. ‘ఇంచ్ సెట్’ అని అడిగి మంచి ఉక్కుది ఒకటి తీసుకోండి, కొన్ని కంపెనీల బోలకి టార్క్స్ (నక్షత్రం ఆకారపు మొన ఉండే) కీలు కావాలి, మీ బో మీద ఏమున్నాయో ముందు చూసుకోండి. లింబ్ బోల్టులు విప్పేటప్పుడు పైన ఎంత తిప్పితే కింద అంతే తిప్పాలి, లెక్క నోటితో పైకి చెప్పుకుంటూ తిప్పండి, మాన్యువల్‌లో ఇన్ని చుట్లు అని రాసిన హద్దు దాటకండి. చాలా బోలకి ఒక చుట్టుకి రెండు మూడు పౌండ్లు మారుతుంది.

బో స్క్వేర్, అంటే స్ట్రింగ్‌కి తగిలించి నాక్ ఎత్తు చూసే టీ ఆకారపు స్కేలు, ఒకటి కొనుక్కోండి, ఖరీదు తక్కువే. బోని నిలువుగా పట్టి ఉంచే వైస్ ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. లెవెల్‌కి మాత్రం తాపీ మేస్త్రి వాడే చిన్న రసమట్టం, గోడ నిలువు చూసుకునే గుండు కట్టిన దారం చాలు, గురి చూసే సైట్‌లోని బబుల్ నిజంగా మట్టంగా ఉందో లేదో ఆ దారానికి సరిపెట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు డీ లూప్, అంటే రిలీజ్ అనే చేతి పరికరం తగిలించి లాగడానికి స్ట్రింగ్‌కి కట్టే చిన్న తాడు. ఇంట్లో మొదట నేర్చుకోవాల్సిన పని ఇదే, దీనికి ప్రెస్ అక్కర్లేదు. లూప్ తాడు సుమారు 11 సెంటీమీటర్లు కోసి, ఒక కొస లైటర్‌తో కాల్చి, కరిగిన భాగం పుట్టగొడుగు తలలా విచ్చుకునేలా చల్లటి ఇనుము మీద నొక్కాలి. నాక్‌కి పైన ఒక ముడి, కింద ఒక ముడి, రెండు తలలూ స్ట్రింగ్‌కి ఎదురెదురు పక్కల ఉండాలి, రెండూ ఒకే పక్కకి వస్తే లూప్ లాగినప్పుడు పీప్ తిరిగిపోతుంది. రెండో కొస కూడా కాల్చాక అసలు పని మొదలవుతుంది, ముడులు బిగించడం. చేత్తో లాగితే బిగిసినట్టే ఉంటుంది కానీ బిగియదు. లూప్ ప్లైయర్ అని విడిగా అమ్ముతారు, అది దొరక్కపోతే మెకానిక్‌లు వాడే ఎక్స్‌టర్నల్ సర్‌క్లిప్ ప్లైయర్ తీసుకోండి, పిడి నొక్కితే దాని మొనలు విచ్చుకుంటాయి, మనకి కావాల్సింది అదే. మొనలు పదునుగా ఉంటాయి కాబట్టి ఆకురాయితో నున్నగా రాసి, లూప్‌లో పెట్టి నొక్కితే ముడి ‘కిర్రు’మని బిగుసుకోవడం వేలికి తెలుస్తుంది. ఒకసారి సగం బిగిసిన లూప్ ఫుల్ డ్రాలో, అంటే బో పూర్తిగా లాగి ఉండగా, జారితే రిలీజ్ పట్టుకున్న చెయ్యి నేరుగా దవడకి వచ్చి తగులుతుంది, బాణం లేకుండా స్ట్రింగ్ వదిలినట్టయి బో కూడా పగలొచ్చు. అందుకే కొత్త లూప్ కట్టిన ప్రతిసారీ ముందు మేమే బోని నేల వైపు పట్టి కొంచెం కొంచెంగా లాగి చూసి, తర్వాతే పిల్లకిస్తాం.

దాంతోపాటు స్ట్రింగ్ వాక్స్, సర్వింగ్ (స్ట్రింగ్ అరగకుండా దాని చుట్టూ చుట్టే) దారం, దాన్ని బిగువుగా చుట్టే సర్వింగ్ జిగ్ కావాలి. వాక్స్ స్ట్రింగ్ పోగుల మీదే రాయాలి, సర్వింగ్ మీద కాదు, రాశాక వేళ్ల మధ్య వేడి పుట్టేదాకా రుద్దితే లోపలికి ఇంకుతుంది. సర్వింగ్ మందం నాక్‌కి సరిపోయిందో లేదో చూడటం తేలిక. బో పడుకోబెట్టి బాణం కిందకి వేలాడదీస్తే పడకూడదు, స్ట్రింగ్‌ని వేలితో ఒక దెబ్బ వేస్తే ఊడిపోవాలి.

పేపర్ ట్యూనింగ్‌కి, అంటే కాగితంలోంచి బాణం వేసి చిరుగుని చూసి సరిచేయడానికి, స్టాండ్ కొనే పని లేదు, అట్టపెట్టె అడుగు కోసేసి దినపత్రిక కాగితం బిగువుగా అంటిస్తే చాలు. వెనక బాణాన్ని ఆపే మంచి బాస్ (గురి దిమ్మ), ముందు రెండు మీటర్ల దూరం. నాక్ చిల్లు మొన చిల్లుకి పైన పడితే నాక్ పాయింట్ కొంచెం దించాలి లేదా రెస్ట్ (బాణం ఆనే ఆధారం) పైకి జరపాలి. పక్కకి చిరిగితే రెస్ట్ ఒక్కసారి అర మిల్లీమీటర్ కంటే ఎక్కువ జరపకండి, ఒక దిక్కున జరిపి చూస్తే చిరుగు తగ్గుతోందో పెరుగుతోందో అదే చెబుతుంది. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. పిల్ల అలసిపోయిన సాయంత్రం ఈ పని అసలు పెట్టుకోవద్దు, కాగితం బో సంగతి చెప్పాల్సింది పోయి చెయ్యి వణుకు చెబుతుంది.

డ్రా బోర్డు, అంటే బోని పలకకి తగిలించి చేత్తో తిప్పే వించ్‌తో మెల్లగా లాగే ఏర్పాటు, వడ్రంగి చేత చేయించుకోవచ్చు. రెండు కామ్‌ల స్టాపులు (ఇక లాగకుండా ఆపే మేకులు) ఒకేసారి తాకుతున్నాయా లేదా అన్నది దీని మీదే స్పష్టంగా కనిపిస్తుంది, స్కేల్ తగిలిస్తే పౌండేజ్ కూడా. వించ్ దగ్గర మాత్రం రాజీ వద్దు, రాట్చెట్ గట్టిగా పట్టే రకం, మీ పౌండేజ్‌కి ఎన్నో రెట్లు మోయగలిగేది పెట్టండి. లాగేటప్పుడు పిల్లల్ని ఆ గదిలో ఉంచకండి.

ఇక ఆఖర్న ప్రెస్. పైవన్నీ చేతికొచ్చి, కనీసం ఆర్నెల్లు కొలతలు రాసి, కేబుల్‌కి మెలి వేయాల్సిన అవసరం మీకే కనిపించాక కొనండి. తీగతో లాగే పోర్టబుల్ రకం చవక, బ్యాగులో పడుతుంది, కానీ బ్రాకెట్లు మీ లింబ్ రకానికి, అంటే విడివిడి లింబ్‌లా ఒకే పలకా అన్నదానికి, సరిపోయి తీరాలి. లింబ్ కొసల్ని వేళ్లలా పట్టి నొక్కే లీనియర్ ప్రెస్ ఖరీదెక్కువ, చోటెక్కువ, ఇప్పటి బోలకి ఎక్కువ భద్రం. లింబ్ మధ్యలో నొక్కే పాత రకం ప్రెస్ సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి వస్తోందని కొనకండి, బాగా వంగి ఉండే ఇప్పటి లింబ్‌లు అందులో విరగొచ్చు. మీ బో మాన్యువల్‌లో ఏ ప్రెస్ వాడాలో రాసి ఉంటే దానికి మించిన సలహా లేదు. ఒక్కరికి కొనడం భారమనిపిస్తే నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒకటి కొనుక్కోండి, మేము అలాగే చేశాం.

ఇంట్లో దూది ఉంచుకోండి. నెలకోసారి లింబ్‌ల అంచుల మీదుగా మెల్లగా రాస్తే, కంటికి కనపడని చీలిక ఉన్నచోట పోగులు చిక్కుకుంటాయి. చిక్కితే ఆ బో ఇక లాగకూడదు, ఎంత ముఖ్యమైన పోటీ ఉన్నా సరే. మే నెలలో మూసిన కారులో బో వదిలేయడం కూడా అంతే ప్రమాదం, లింబ్‌లూ స్ట్రింగూ రెండూ దెబ్బతింటాయి. వానాకాలంలో గ్రౌండ్ నుంచి రాగానే పొడి గుడ్డతో తుడిచి, కేసు తెరిచి ఉంచి ఆరనివ్వండి.

పోటీలకి విమానంలో వెళ్లేటప్పుడు కీలు, ప్లైయర్, కత్తెర అన్నీ చెక్-ఇన్ బ్యాగులోనే వేయాలి. లూప్ తాడు ముక్కలు ముందే కోసి, ఒక కొస కాల్చి పెట్టుకుంటే అక్కడ టెన్షన్ సగం తగ్గుతుంది. లైటర్ మాత్రం మన విమానాల్లో చేతి బ్యాగులోనూ చెక్-ఇన్‌లోనూ రెండింటిలోనూ ఒప్పుకోరు, దిగాక గ్రౌండ్‌కి వెళ్లే దారిలో ఏ కిళ్లీకొట్లోనో ఒకటి కొనుక్కోవాలి.