చీఫ్ గెస్ట్‌గా నేవీ అడ్మిరల్ వస్తున్నారా? బయోడేటా ఇలా చదవండి

విశాఖలో కాలేజీ వార్షికోత్సవమైనా, డిసెంబర్ 4 నేవీ డే సభైనా వేదిక మీద రిటైరైన నేవీ పెద్దాయన ఒకరు కనిపించడం మామూలే, ఆయన్ని పరిచయం చేసే పని ఎవరో ఒక లెక్చరర్ నెత్తిన పడడమూ మామూలే. చేతిలో ఒక పేజీ పెడతారు, నిండా పొడి అక్షరాలు. చాలామంది దాన్ని పైనుంచి కిందకి గడగడా చదివేసి కూర్చుంటారు. పిల్లలకి ఒక్క ముక్క ఎక్కదు.

ముందు హోదా చూడండి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నేవీ కెప్టెన్ అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం. ఆర్మీ కెప్టెన్‌కి సరితూగేది నేవీ లెఫ్టినెంట్. లెఫ్టినెంట్ తర్వాత వరసగా లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్, కెప్టెన్, కమోడోర్, ఆ పైన రియర్, వైస్ అడ్మిరల్, చివర అడ్మిరల్. కమాండర్ దాకా సర్వీసు నిండితే, పరీక్షలవీ పాసైతే వచ్చేస్తుంది, కెప్టెన్ నుంచి మాత్రం సెలెక్షన్, ప్రతి మెట్టు దగ్గరా చాలామంది ఆగిపోతారు. కాబట్టి తొలి పదేళ్లూ రెండు వాక్యాల్లో తేల్చేసి, ఆయన ఏ ఓడకి కమాండ్ చేశారో అక్కడ ఆగండి.

ఇంకో సంగతి, ఐఎన్ఎస్ అంటే ఇండియన్ నేవల్ షిప్ అనే అర్థం, అయినా ఐఎన్ఎస్ అని ఉన్నదల్లా ఓడ కాదు. మన ఊళ్లోనే ఉన్న ఐఎన్ఎస్ సర్కార్స్, ఐఎన్ఎస్ డేగ, సబ్‌మెరైన్ వాళ్లకి ట్రైనింగ్ ఇచ్చే ఐఎన్ఎస్ శాతవాహన, భీమిలి వైపు ఐఎన్ఎస్ కళింగ, అన్నీ నేల మీదే ఉండే నేవీ స్థావరాలు. "ఐఎన్ఎస్ డేగలో సముద్రాలు దాటారు" అని మైకులో చెప్పారనుకోండి, ముందు వరసలో నేవీ వాళ్లు నవ్వాపుకోలేక చస్తారు.

ఒడ్డు మీద గడిపిన రోజులని చిన్నచూపు చూడొద్దు, అసలు కథ ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది. 1971 యుద్ధం నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందానే తీసుకోండి. 1957లో ఐఎన్ఎస్ మైసూర్ యుద్ధనౌక మన నేవీలో చేరినప్పుడు దాని కెప్టెన్ ఆయనే. అరవైల మొదట్లో ముంబైలో మజగావ్ డాక్ అనే నౌకానిర్మాణ సంస్థని నడిపారు, ఆ తర్వాత ఫ్లీట్, వెస్టర్న్ కమాండ్, 1970లో చీఫ్. ఇలా వరసగా చదివితే నిద్రొస్తుంది. కానీ ఆయన కరాచీ దగ్గర మనోరాలో పెరిగారనీ, నేవీలో చేరకముందు ఆ కరాచీ పోర్టులోనే ఉద్యోగం చేశారనీ ముందు చెప్పి, ఆ తర్వాత 1971 డిసెంబర్ 4 రాత్రి మన మిసైల్ బోట్లు అదే కరాచీ మీద విరుచుకుపడ్డాయని చెప్పి చూడండి, హాలు మొత్తం వింటుంది. తీరం కాపలాకని కొన్న చిన్న బోట్లవి, ఎక్కువ దూరం పోలేవు, అందుకే వాటిని పెద్ద ఓడలతో లాక్కెళ్లారు. మీ అతిథి కాగితంలోనూ ఇలా రెండు లైన్లు ఎక్కడో ఒకచోట ముడిపడతాయి, వెతకండి.

పతకాల సంగతి త్వరగా ముగించండి. పీవీఎస్ఎం (పరమ విశిష్ట సేవా మెడల్), ఏవీఎస్ఎం (అతి విశిష్ట సేవా మెడల్), వీఎస్ఎం (విశిష్ట సేవా మెడల్) విశిష్ట సేవకి ఇచ్చేవి, యుద్ధంలో చూపిన సాహసానికి కావు. మహావీర్ చక్ర, వీర చక్ర లాంటివి ఉంటే మాత్రం ఏ సంఘటనకి వచ్చిందో తప్పకుండా చెప్పాలి. నౌసేనా మెడల్ సాహసానికీ ఇస్తారు, విధి నిర్వహణకీ ఇస్తారు, కాబట్టి అది కనిపిస్తే ఊహించకుండా అడిగి తెలుసుకోండి.

బ్యానర్ మీద "రిటైర్డ్ వైస్ అడ్మిరల్ ఫలానా" అని రాయించకండి. హోదా రిటైర్ కాదు, మనిషే రిటైరవుతాడు. హోదా, పేరు, ఆ తర్వాత రిటైర్డ్, అదీ వరస. ఇంగ్లిష్ కార్డులోనూ అంతే.

సభకి రెండు రోజుల ముందే ఒక ఫోన్ చెయ్యండి. "సార్, మీరు కమాండ్ చేసిన ఓడల్లో ఏ ఓడ గురించి చెప్పమంటారు?" అని అడగండి చాలు, మిగతాది ఆయనే చెబుతారు. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని మరీ చెయ్యండి, ఆ ఫోన్ అంత తొందరగా అవ్వదు.