సోలార్ ప్యానెళ్లు పెట్టించేటప్పుడు ఇంటి కప్పు పాడవకుండా ఎలా చూసుకోవాలి?

సోలార్ పెట్టించాలనుకోగానే అందరూ వేసే లెక్కలు ఒకటే: ఎన్ని కిలోవాట్లు, ఏ కంపెనీ ప్యానెల్, కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది. కప్పు సంగతి గుర్తొచ్చేది తొలి వానకు బెడ్‌రూమ్ సీలింగ్‌లో చెమ్మ మరక కనబడ్డాకే. అప్పటికి పైన ఫ్రేము బిగించేసి ఉంటుంది. నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో చూడాలన్నా ప్యానెళ్ల కిందికి పాక్కుంటూ వెళ్లాలి.

ప్యానెల్ వల్ల కప్పు కారదు. దాని కింద ఉన్న భాగానికి నేరుగా ఎండ తగలదు కాబట్టి నిజానికి కాస్త మేలే. కారేదల్లా ఆ ప్యానెల్‌ను నిలబెట్టడానికి వేసిన రంధ్రాల దగ్గర, దిమ్మెల అంచుల దగ్గర, వాటి వల్ల నీళ్లు నిలిచిపోయిన చోట. అందుకే ఇన్‌స్టాలర్ ఇంటికి రాగానే వాట్ల గురించి కంటే ముందు ఇది అడగండి: రంధ్రాలు ఎన్ని, ఎక్కడ, వాటిలోకి నీరు పోకుండా ఏం చేస్తారు?

ముందు కప్పు రిపేరు, తర్వాతే ప్యానెళ్లు

ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. డాబా మీద వేసే వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ అందులో సగం కాలం నిలిచినా గొప్పే. మరో రెండు మూడేళ్లలో కోటింగ్ వేయించాల్సి వస్తుందని తెలిసి కూడా దాని మీదే ప్యానెళ్లు పెట్టించారంటే, అప్పుడు అన్నీ విప్పి మళ్లీ బిగించే కూలీ కూడా మీ నెత్తినే పడుతుంది.

చూడడం కింది నుంచి మొదలుపెట్టండి. సీలింగ్‌లో పసుపు మరకలు, ఉబ్బిన పెయింటు, ఇనుప కడ్డీల వరుసలోనే సాగిన పగుళ్లు, ఊడుతున్న పెచ్చులు ఉన్నాయా? ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం రెండింతలకు మించి పెరుగుతుంది, ఆ ఒత్తిడికే కాంక్రీట్ పెచ్చులు రాలుతుంది. ఇలాంటి గుర్తులు ఉంటే సోలార్ ఆలోచన పక్కనపెట్టి ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవండి. తర్వాత పైకెక్కి చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట పై పొర కింద నుంచి విడిపోయిందని అర్థం.

స్లాబ్ బాగానే ఉందనిపిస్తే నీళ్లు కట్టి చూడొచ్చు. తూములు మూసి, ఒక అంగుళం లోతు నీళ్లు ఒక రోజంతా నిలబెట్టి, కింద ప్రతి గదిలోనూ సీలింగ్ చూడాలి. ఒక అంగుళం నీళ్లంటేనే చదరపు మీటరుకు పాతిక కిలోలు, కాబట్టి ఎక్కువ లోతు అవసరం లేదు. పెచ్చులూడుతున్న పాత స్లాబ్ మీద ఈ పరీక్ష వద్దు. పనిలో పనిగా, నీళ్లు వదిలాక ఏ మూలన మడుగు మిగిలిందో గమనించి చాక్‌పీసుతో గీత గీసి ఉంచండి. దిమ్మెలు ఆ గీత లోపల పడకూడదు.

బరువు కంటే గాలిని ఎక్కువ పట్టించుకోండి

అంత బరువు కప్పు మోస్తుందా అని చాలామందికి టెన్షన్. మామూలు ఫ్రేముతో కలిపినా ప్యానెళ్ల బరువు చదరపు మీటరుకు సుమారు 15 నుంచి 20 కిలోలే. సరిగ్గా కట్టిన స్లాబ్‌కు ఇది సమస్య కాదు. రేకుల కప్పుకు, పాత కర్ర వాసాల కప్పుకు మాత్రం లెక్క కట్టించే తీరాలి.

అసలు ఇబ్బంది బరువు కిందికి నొక్కడం కాదు, గాలి పైకి లాగడం. గంటకు 144 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద చూపే ఒత్తిడి దాదాపు 98 కిలోల బరువుతో సమానం. ఇప్పుడు వాడుతున్న పెద్ద ప్యానెల్ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్ల పైమాటే, అంటే ఒక్కో ప్యానెల్ మీద 250 కిలోల వరకు లాగుడు పడొచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న కాంక్రీట్ దిమ్మె తూగేది 65 కిలోలు. అలాంటివి నాలుగు ఉంటేగానీ ఒక్క ప్యానెల్ కదలకుండా ఉండదు. ఇది ఉజ్జాయింపు లెక్క. ప్యానెల్ వాలును బట్టి, అది డాబాలో ఎక్కడుందన్నదాన్ని బట్టి మారుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. కప్పు అంచుల్లో, మూలల్లో లాగుడు మరీ ఎక్కువ. అందుకే పిట్టగోడ దాకా ప్యానెళ్లు నింపేయకుండా చుట్టూ రెండు మూడు అడుగులు వదలాలి. తర్వాత మనిషి తిరగడానికీ అదే దారి.

కింద నీడ కోసం ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున ఫ్రేము కట్టించుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. కాళ్లు పొడవయ్యే కొద్దీ అడుగున బోల్టుల మీద పడే లాగుడు పెరుగుతుంది. అలాంటి ఫ్రేము కాళ్లు కింది పిల్లర్ల మీదో, బీముల మీదో వచ్చేలా ఇంజనీర్ చేత డ్రాయింగ్ గీయించుకోకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

స్లాబ్ మీద బిగించే పద్ధతి

దారులు రెండు. రంధ్రాలే వేయకుండా బరువైన దిమ్మెలతో ఫ్రేమును నిలబెట్టడం ఒకటి, స్లాబ్‌లోకి యాంకర్ బోల్టులు దించడం ఇంకొకటి. గాలి మరీ ఎక్కువ లేని చోట, స్లాబ్ ఆ బరువు మోయగలిగితే, నేనైతే మొదటిదానికే ఓటేస్తాను. లేని రంధ్రం కారదు కదా. తుపాను గాలులు వచ్చే చోట, ఎత్తు ఫ్రేములకు ఉత్త బరువు చాలదు, బోల్టులు తప్పవు.

బోల్టులు తప్పనప్పుడు మొట్టమొదట తెలుసుకోవాల్సింది స్లాబ్ మీద ఏముందన్నది. చాలా డాబాల మీద అసలు కాంక్రీట్ కనబడదు. వాటం కోసం పోసిన మూడు నాలుగు అంగుళాల పొర, దాని మీద టైల్సో గచ్చో ఉంటాయి. నాలుగంగుళాల బోల్టు ఈ పొరలోనే ఆగిపోతుంది. చేత్తో ఊపితే గట్టిగానే ఉన్నట్టుంటుంది గానీ గాలివానకు పొరతో సహా లేచి వస్తుంది. పైగా పొర పగిలి, నీళ్లు దాని కింద పాకి, రంధ్రానికి పది అడుగుల దూరాన సీలింగ్‌లో బయటపడతాయి. బోల్టు అసలు కాంక్రీట్‌లోకి ఎంత దిగుతుందో ఇన్‌స్టాలర్‌ను అంగుళాల్లో చెప్పమనండి.

రెండో విషయం, స్లాబ్‌ను దాటి కిందికి వచ్చేంత రంధ్రం పడకూడదు. ఇళ్ల స్లాబ్ మందం మామూలుగా 4 నుంచి 6 అంగుళాలు. డ్రిల్లుకు లోతు ఆపే స్టాపర్ పెట్టించండి, అది లేకపోతే బిట్‌కు టేపు చుట్టినా చాలు. స్లాబ్‌లో ఫ్యాన్లకు, లైట్లకు వెళ్లే కరెంటు పైపులు ఉంటాయని మరిచిపోవద్దు. కింద ఫ్యాను హుక్కులు ఎక్కడున్నాయో కొలిచి, పైన గుర్తు పెట్టుకుంటే వాటి దారి కొంతవరకు ఊహించొచ్చు.

కొట్టి బిగించే మామూలు యాంకర్ రంధ్రం గోడల్ని లోపలి నుంచి బయటికి నెడుతుంది. పాత కాంక్రీట్‌లో, అంచుల దగ్గర దీనివల్ల పగుళ్లు వస్తాయి. అలాంటి చోట కెమికల్ యాంకర్ మేలు. అందులో వాడే రెసిన్ (గట్టిపడే జిగురు) బోల్టును పట్టుకుంటుంది, ఖాళీనీ నింపుతుంది. కాకపోతే దుమ్ముండగా పోస్తే అది కాంక్రీట్‌ను పట్టదు, దుమ్మును పట్టుకుంటుంది. రంధ్రం వేశాక గాలి ఊదాలి, బ్రష్‌తో లోపల రుద్దాలి, మళ్లీ ఊదాలి. ఆ తర్వాత అడుగు నుంచి మూడింట రెండు వంతులు రెసిన్ నింపి, బోల్టును తిప్పుతూ దించాలి. ట్యూబు మీద రాసిన సమయం గడిచేదాకా నట్టు ముట్టుకోకూడదు. పనివాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ బ్రష్ పనే. మొదటి రెండు మూడు రంధ్రాల దగ్గర మీరే నిలబడి చూడండి.

బోల్టు చుట్టూ దిమ్మె పోయిస్తుంటే, దాని కింది నేలను ముందు గరుకుగా చెక్కించి, కడిగించి, పాత, కొత్త కాంక్రీట్‌ను అతికించే బాండింగ్ ద్రావణం పూయించాలి. నున్నటి గచ్చు మీద పోసిన కాంక్రీట్ ఏడాది తిరక్కుండానే అడుగున విడిపోతుంది. దిమ్మె పైభాగం నీళ్లు జారేలా కాస్త వాలుగా, అడుగు మూల గుండ్రంగా తిప్పి ఉండాలి. వారమైనా నీళ్లు కొట్టి, బాగా ఆరనిచ్చి, అప్పుడు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించండి. నేల మీద నుంచి దిమ్మె మీదికి కనీసం ఆరంగుళాలు ఎక్కాలి, దిమ్మె అంత ఎత్తు లేకపోతే మొత్తం కప్పేయాలి. మూలల్లో ఫైబర్ మెష్ కలిపి వేస్తే పగలదు. వాటానికి అడ్డంగా పొడుగాటి కాంక్రీట్ కట్టలు మాత్రం పోయనివ్వకండి. డాబా మధ్యలో మీరే చెరువు కట్టుకున్నట్టవుతుంది.

రేకుల కప్పు

ఉబ్బెత్తు మీదే స్క్రూ, గాడిలో ఎప్పుడూ వద్దు. నీళ్లు పారేది గాడిలో. స్క్రూ రేకును మాత్రమే కాదు, దాని కింది పర్లిన్‌ను (రేకును మోసే అడ్డ దూలాన్ని) కూడా పట్టాలి. రబ్బరు వాషర్ కొద్దిగా నొక్కుకుంటే చాలు, పక్కలకు పొంగేంత బిగిస్తే ఏడాదికో రెండేళ్లకో చీలుతుంది. రేకులు నిలువు మడతలతో కలిపే రకమైతే ఆ మడతను పట్టుకునే క్లాంపులు దొరుకుతాయి, వాటికి రంధ్రమే అక్కర్లేదు.

డ్రిల్ చేసినప్పుడు రాలే ఇనుప రజను అదే రోజు ఊడ్చేయాలి. ఒక్క వానకే అది తుప్పు చుక్కలుగా మారి రేకు పూతను తినేస్తుంది. అల్యూమినియం, స్టీలు, రాగి ఒకదానికొకటి నేరుగా తగిలి తడిస్తే తుప్పు వేగం పెరుగుతుంది కాబట్టి మధ్యలో రబ్బరు ప్యాడ్ పెట్టించండి.

ఆస్బెస్టాస్ రేకులైతే ప్యానెళ్ల మాటే వద్దు. కాలు పెడితే విరుగుతాయి, డ్రిల్ చేస్తే లేచే నార ఊపిరితిత్తులకు ప్రమాదం. కప్పు మార్పించాకే సోలార్.

పెంకుల కప్పు

ఇక్కడ ప్యానెల్ భారమంతా పెంకుల కింది వాసాల మీద పడాలి, పెంకు మీద కాదు. పెంకు తీసి, వాసానికి ఇనుప హుక్కు బిగించి, హుక్కు బయటికొచ్చే చోట పై పెంకు అడుగును కొంచెం అరగదీసి మళ్లీ పెట్టాలి. హుక్కుకూ కింది పెంకుకూ మధ్య కొద్దిగా సందు ఉండాలి, లేకపోతే గాలికి ఊగి పెంకును పగలగొడుతుంది. పని మొదలుపెట్టే ముందే అదే రకం పెంకులు కొన్ని అదనంగా తెచ్చి పెట్టుకోండి. ఎంత జాగ్రత్తగా నడిచినా కొన్ని పగులుతాయి.

ఏ కప్పుకైనా సీలెంట్ (సందులు మూసే జిగురు) ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎండకు అది ఎండి, అంచులు లేస్తుంది. పై నుంచి వచ్చే నీటిని రంధ్రం పక్కకు మళ్లించే రేకు తొడుగో, పొరో ఉండాలి, సీలెంట్ దానికి తోడు మాత్రమే. కాంక్రీట్‌కు, ఇనుముకు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పనికిరాదు, పాలీయురేతేన్ రకం అడగండి.

కేబుళ్లు, ఎర్తింగ్

కేబుళ్ల కోసం స్లాబ్‌కు రంధ్రం అక్కర్లేదు, పిట్టగోడ మీదుగా బయటి గోడ వెంట పైపులో దించొచ్చు. గోడలోకి వెళ్లే చోట కేబుల్ కిందికి వంగి, మళ్లీ పైకి లేచి లోపలికి పోవాలి. అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పిడుగు కడ్డీకి, ఎర్తింగ్ పట్టీకి కూడా రంధ్రాలు వేస్తారని గుర్తుంచుకోండి. ఫ్రేము బోల్టులకు చూపిన శ్రద్ధ వీటికి చూపరు. చాలా ఇళ్లలో లీకేజీ దొరికేది ఇక్కడే.

పని జరిగే రోజు

ప్యానెళ్లన్నీ ఒకేచోట గుట్టగా గది నడిమధ్యకు వచ్చేలా పేర్చనివ్వకండి. పాతిక ప్యానెళ్లంటే ఆరేడు వందల కిలోలు. గోడల పైకి, బీముల పైకి వచ్చేలా విడివిడిగా పెట్టించండి. ఇనుము కోయడం, వెల్డింగ్ కిందే కానివ్వాలి. ఆ నిప్పురవ్వలు కోటింగ్ మీద పడితే సూది రంధ్రాలు పడతాయి, అవి కంటికి ఆనవు. తూములకు గుడ్డ చుట్టి ఉంచి, సాయంత్రం తీసేయించండి. కోసిన ఫ్రేము అంచులకు జింక్ పెయింటు వేయలేదంటే ఆ తుప్పు నీళ్లు కప్పంతా చారలు కడతాయి.

ప్రతి రంధ్రాన్నీ కొలిచే టేపు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. సంతకం చేసే కాగితంలో ప్యానెల్, ఇన్వర్టర్ వారంటీలతో పాటు రంధ్రాల దగ్గర లీకైతే ఎన్నేళ్లు, ఎవరి ఖర్చుతో బాగుచేస్తారో రాయించండి. పాత వాటర్‌ప్రూఫింగ్‌కు ఇంకా వారంటీ ఉంటే, డ్రిల్లింగ్‌తో అది రద్దవుతుందేమో ఆ పని చేసినవాళ్లనే ముందుగా అడగాలి. వీలైతే కొంత డబ్బు తొలి పెద్ద వాన దాకా ఆపి ఉంచండి. ఈ షరతు వినగానే మొహం మాడ్చుకునే ఇన్‌స్టాలర్ గురించి నాకైతే అక్కడే సగం తెలిసిపోతుంది.

ఆ తర్వాత

వానాకాలానికి ముందు ఏటా ఒకసారి ప్యానెళ్ల కింద ఆకులు, పక్షి గూళ్లు తీయించండి, నట్లు వదులయ్యాయేమో, దిమ్మె మూలల్లో కోటింగ్ చీలిందేమో చూడండి. ప్యానెల్ కింది అంచు నుంచి నీళ్లు ఎప్పుడూ ఒకే గీత మీద పడతాయి కాబట్టి అక్కడ కోటింగ్ ముందుగా అరుగుతుంది. ఆ గీత వెంట అదనంగా ఒక పూత వేయించుకోవచ్చు.

ఎప్పుడైనా సీలింగ్‌లో మరక కనబడితే దాని మీద పెయింటు వేసేయకండి. ఎండ కాసే రోజున పైకెక్కి, వాటం కింది వైపున్న దిమ్మె దగ్గర మొదలుపెట్టి, ఒక్కోదాని మీద అరగంట చొప్పున పైపుతో నీళ్లు వదలండి. కింద ఒకరు మరకను కనిపెట్టుకుని ఉండాలి. అది తడి తేలగానే ఆపి, అక్కడి ఫొటో తీసి, రాయించుకున్న కాగితంతో కలిపి ఇన్‌స్టాలర్‌కు పంపండి.