గాజు పూసలు గుచ్చేముందు బెజ్జం చూడండి

మొన్న టీనగర్‌లో బస్సెక్కుతుంటే నేను గుచ్చుకున్న దండ తెగి పూసలన్నీ మెట్ల మీద జలజలా రాలాయి. దొరికినవి ఏరుకుని ఇంటికొచ్చి చూస్తే దారం నలిగి తెగలేదు, పూస అంచు దగ్గర బ్లేడుతో కోసినట్టు తెగింది.

రేణిగుంట దగ్గర పాపానాయుడుపేటలో ఈ పూసలు చేసే పాత పద్ధతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. కొలిమిలో కరిగిన గాజు ముద్దను ఇనుప గొట్టానికి పట్టించి, లోపల బెజ్జం పోకుండా సన్నటి గొట్టంలా సాగదీస్తారు. చల్లారాక చిన్న ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి మళ్లీ కాపుతారు. అంచులు గుండ్రబడేది అప్పుడే. బూడిద లేకపోతే పూసలు ఒకదానికొకటి అంటుకుంటాయి, బెజ్జాలు పూడిపోతాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 2000 ఏళ్ల కిందట కూడా ఇలా గొట్టం సాగదీసే పూసలు చేశారు. రెండోసారి సరిగ్గా కాగని పూస అంచు దారాన్ని కోసేస్తుంది.

చెన్నై ప్యారిస్ కార్నర్ సందుల్లో కొనేటప్పుడు నాలుగు పూసలు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూడండి, వెంట్రుక లాంటి చీలిక కనిపిస్తే వద్దు. ఇంటికొచ్చాక నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో ఒక పూసను రుద్దండి. దూదికి రంగంటితే అది పైపూత, గాజు రంగు కాదు. పూసలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బెజ్జంలో మిగిలిన బూడిద కడిగేయండి. తర్వాత ఒక్కో పూసలోంచి నూలు దారం లాగి చూడండి. (విసుగే, కానీ బస్సు మెట్ల మీద ఏరుకోవడం కంటే నయం.) దారం పీచు తట్టుకుంటే పక్కన పెట్టి, డైమండ్ రీమర్‌తో (బెజ్జం లోపల అరగదీసే, వజ్రపు పొడి పూసిన సన్నటి పుల్ల) నీళ్లలో ముంచే అరగదీయండి, పొడిగా రుద్దితే గాజు పొడి ముక్కులోకి పోతుంది.

4 మిల్లీమీటర్ల పూసలైతే 18 అంగుళాల దండకు 110 పైనే పడతాయి, చేత్తో చేసినవి ఒకే సైజులో ఉండవు కాబట్టి ఇంకో పది ఎక్కువ ఉంచుకోండి. ముందు తువ్వాలు మీద వరుసగా పేర్చుకుంటే దొర్లిపోవు. నైలాన్ పూత ఉన్న స్టీలు వైరు వాడండి, మామూలు ఇనుప తీగ మన చెన్నై చెమటకి తుప్పు పడుతుంది. చివర్లో వైరును కొక్కెంలోంచి తిప్పి క్రింప్ పూసలో (నొక్కితే వైరును పట్టుకునే చిన్న లోహపు పూస) దూర్చి నొక్కేముందు, రెండు మిల్లీమీటర్లు వదులు ఉంచండి. బిగించి లాగితే మెడ దగ్గర పూసలు ఒరుసుకుని చిట్లుతాయి.

అమ్మ మాత్రం తన నల్లపూసలు నా స్టీలు వైరు మీదకి ఎక్కించనివ్వలేదు. "పెరిగినప్పుడు చూద్దాంలే" అంది, తెగినప్పుడు అనకూడదు కదా.