పాడిన మాట హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినిపిస్తోందా?

ఇంట్లో పాట రికార్డు చేద్దామని ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొన్నవారికి మొదటి రోజే ఎదురయ్యే చిక్కు ఇది.

సమస్య: పాడుతుంటే మీ గొంతు మీకే కాస్త వెనకగా వినిపిస్తుంది. తాళం తప్పుతుంది.

కారణం: మైకులో పడిన శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి, సాఫ్ట్‌వేర్ దాటి, మళ్లీ చెవికి చేరాలి. ఆ ప్రయాణానికి పట్టే సమయం చాలావరకు బఫర్ మీద, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగేసుకునే శాంపిళ్ల (శబ్దపు చిన్న కొలతల) సంఖ్య మీద ఆధారపడుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల వద్ద 1024 బఫర్ అంటే వెళ్లడానికే 21 మిల్లీసెకన్లు, రావడానికి మరో 21. అదే 128 పెడితే ఒక్కో వైపు 3 మిల్లీసెకన్ల లోపే.

పరిష్కారం: రికార్డు చేసేటప్పుడు బఫర్ 128కి తగ్గించండి. చిటపటలు వస్తే కంప్యూటర్ అందుకోలేకపోతోందని అర్థం, 256కి పెంచండి. రికార్డు చేసిన ట్రాకులను కలిపే మిక్సింగ్‌లో ఆలస్యంతో పని లేదు కాబట్టి 1024 ఉన్నా నష్టం లేదు. విండోస్‌లో మాత్రం ముందుగా ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో (ASIO) డ్రైవర్, అంటే శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో నడిపే సాఫ్ట్‌వేర్, వేసుకోవాలి. అది లేకుండా బఫర్‌తో ఎంత కుస్తీ పట్టినా పెద్దగా ఫలితం ఉండదు.

ఇంత తంటా ఎందుకనుకుంటే, ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉందేమో చూడండి. గొంతు కంప్యూటర్‌దాకా వెళ్లకుండానే చెవికి చేరుతుంది. నా ఓటు దీనికే. అయితే సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపడం మరిచిపోతే ఒకే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ఎవరో ఎకో పెట్టారనుకుని నేను ఒక సాయంత్రమంతా దాని కోసం వెతికాను.

సమస్య: మైకు అసలు పలకడం లేదు.

కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) కావాలి. ఇంటర్‌ఫేస్ మీద దాని మీట నొక్కే ముందు హెడ్‌ఫోన్ శబ్దం తగ్గించండి, లేకపోతే చెవిలో టప్‌మంటుంది.

సమస్య: గొంతు ఎడమ చెవిలోనే వినిపిస్తోంది.

ఒక్క మైకును స్టీరియో ట్రాక్‌లో రికార్డు చేస్తున్నారు. మోనో ట్రాక్ తీసుకుని, దానికి ఇన్‌పుట్ 1 ఇవ్వండి.

సమస్య: స్పీకర్లలో ఆగకుండా హుమ్మనే మోత.

ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ దారులు కలిసి వలయంగా మారడం) కావచ్చు. అన్నింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు కలిపి, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (బయటి మోతను అణిచేలా చేసినవి) వాడితే చాలాసార్లు తగ్గిపోతుంది. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేస్తే మోత పోతుందని కొందరు చెబుతారు. నిజంగా పోవచ్చు కూడా. కానీ పరికరంలో లోపం వస్తే కరెంటు పోవలసిన దారి అదే, దాన్ని తీయకండి.