ఎలుకల మందు పెట్టాక ఇంట్లో దురదలా? ముందు అటక ఎక్కి చూడండి

పెంకుటింట్లో ఉండేవాళ్ళకి ఎలుకల మందు పెట్టడం నేను నేర్పక్కర్లేదు. పెట్టిన తర్వాత వచ్చే తంటాల గురించే ఇది.

మందు ముట్టుకోవడం లేదు
జింక్ ఫాస్ఫైడ్, అదే ఆ నల్ల పొడి, మొదటి రోజే కలిపేసి ఉంటారు. కాస్త తిని బతికిన ఎలుక మళ్ళీ దాని జోలికి రాదు. రెండు రోజులు ఉత్త నూకలు నూనె రాసి పెట్టండి. అలవాటు పడ్డాక మందు కలపండి.

కంపు
బ్రోమాడియోలోన్ బిళ్ళ తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, రోజులు పడుతుంది. 'దాహమేసి బయటికి పోయి చస్తుంది' అని కొట్లో చెప్పే మాట నమ్మకండి. చాలావరకు గూట్లోనే చస్తుంది.

పిల్లి నీరసంగా పడుకుంది
మందు తిన్న ఎలుకని తిని ఉంటుంది. మందు పెట్టెతో సహా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. బ్రోమాడియోలోన్ అయితే విటమిన్ కె1 ఉంది. నల్ల పొడికి విరుగుడు లేదు.

ఒళ్ళంతా దురద, ఎర్ర దద్దుర్లు
అసలు మోసం ఇక్కడే. మందు పెట్టిన వారం పది రోజులకి మొదలవుతుంది. అప్పటికి మందు సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు. నడుము దగ్గర, చంకల్లో, బట్ట బిగుతుగా ఉన్నచోట గుంపుగా వస్తాయి. నల్లులనుకుని మంచాలు ఎండలో వేస్తారు, స్ప్రే కొడతారు, గజ్జి అనుకుని లేపనాలు పూస్తారు. మా పెద్దమ్మగారింట్లో నేనే రెండు పరుపులు తగలబెట్టించాను. దురద తగ్గలేదు. నాలుగో వారం అటక మీద పాత గోనె సంచుల మధ్య ఎండిపోయిన ఎలుకా, దాని గూడూ దొరికాయి. ఆవిడ ఇప్పటికీ ఆ పరుపుల లెక్క నా దగ్గరే అడుగుతుంది.

జరిగేదిది. ఎలుక ఒంటి మీదా గూట్లోనూ సన్న పురుగులుంటాయి, మైట్ అంటారు. ఎలుక బతికినంత కాలం దాని రక్తం తాగుతూ అక్కడే ఉంటాయి. అది చచ్చి చల్లబడగానే తిండి కోసం దిగి వస్తాయి. కింద మంచం మీద మీరు పడుకుని ఉంటారు. ప్లేగు రోజుల్లో ఎలుకలు రాలితే జనం ఊరు ఖాళీ చేసింది ఊరికే కాదు. అక్కడ పురుగు వేరు, కథ ఒకటే. ప్లేగు ఉన్నచోట ముందు ఆ పురుగుల్ని చంపాకే ఎలుకల జోలికి వెళ్ళమంటారు.

తేల్చుకోవడం తేలిక. నల్లి అయితే కంటికి బాగా కనిపిస్తుంది, మంచం సందుల్లో నల్ల మచ్చలుంటాయి. ఇది సూదిమొనంత. మంచం పక్క గోడకి సెల్లోటేపు అద్ది తీసి వెలుతురులో చూడండి. రక్తం తాగిన చుక్కలు ఎర్రగా కదులుతాయి.

గూడు తీయకుండా ఎన్ని స్ప్రేలు కొట్టినా దండగ. చేతికి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గూటి మీద బ్లీచింగ్ నీళ్ళు చల్లి తడిశాక ఎత్తండి. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కవర్లో కట్టి లోతుగా పాతిపెట్టండి. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకండి. ఈ పురుగు మన ఒంటి మీద కాపురం పెట్టదు, లేపనాలు అక్కర్లేదు. దురద తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, ఎలుకల మందు పెట్టిన సంగతి కూడా చెప్పండి.

ధాన్యం బస్తాల్లో పెట్టే బిళ్ళలు మాత్రం కాపురమున్న ఇంట్లో పెట్టకండి. వాటి నుంచి వచ్చే విష గ్యాస్‌కి ఎలుకా మనిషీ ఒకటే.

మళ్ళీ మందు పెట్టేముందు వాసాల సందులూ తూములూ చూడండి. బొటనవేలు పట్టే కన్నంలోంచి ఎలుక దూరిపోతుంది. గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చేయండి. మందు పెట్టిన మూడో రోజు నుంచి టార్చిలైటు పట్టుకుని రోజూ అటక ఎక్కండి.