డాక్ తెర మీద అంకె చూడండి: ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కులు సరిగా మోగనప్పుడు

ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో అనేవి మామూలు సీడీ కన్నా మెరుగైన నాణ్యతతో పాటలుండే డిస్కులు. డిస్కు కొత్తది, ప్లేయర్‌ బాగుంది, డాక్ (డిజిటల్ అంకెలను వినిపించే సిగ్నల్‌గా మార్చే పెట్టె) కూడా మంచిదే. అయినా పాట రాదు, లేదా వచ్చినా మామూలు సీడీకీ దానికీ తేడా తెలియదు. ఇలాంటప్పుడు చాలాసార్లు ఏదీ పాడై ఉండదు. ప్లేయర్ వెనక ఉన్న డిజిటల్ సాకెట్‌కు కంపెనీవాళ్లే తాళం వేసి ఉంటారు. అందుకే కేబుళ్లు పీకేముందు డాక్ తెర మీద శాంప్లింగ్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారో కిలోహెర్ట్జ్‌లో చెప్పే అంకె) ఎంత చూపిస్తోందో చూడండి. సగం రోగం ఆ అంకెలోనే తెలిసిపోతుంది.

ఎస్‌ఏసీడీ తిరుగుతోంది, డాక్ మాత్రం మూగగా ఉంది

ముందు అదే ప్లేయర్‌లో మామూలు సీడీ పెట్టండి. అది కూడా డాక్‌లో మోగకపోతే ప్లేయర్ ప్యూర్ డైరెక్ట్ మోడ్‌లో ఉందేమో చూడండి. చాలా మోడళ్లు ఆ మోడ్‌లో డిజిటల్ అవుట్‌ను ఆపేస్తాయి. సీడీ మోగి ఎస్‌ఏసీడీ మోగకపోతే కారణం తాళమే. సోనీ, ఫిలిప్స్ 1999లో ఈ డిస్కు తెచ్చినప్పుడే, కాపీలు తీస్తారన్న భయంతో అందులోని డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీలో పాటను రాసే పద్ధతి) సిగ్నల్ కోయాక్సియల్ (లోహపు తీగ), ఆప్టికల్ (కాంతి తీగ) దారుల్లో బయటికి రాకుండా కట్టడి చేశారు. ఎంత ఖరీదైన కేబుల్ వేసినా దండగే.

హైబ్రిడ్ డిస్కు (సీడీ పొర, ఎస్‌ఏసీడీ పొర రెండూ ఉన్నది) అయితే రిమోట్‌లో సీడీ పొరకు మారండి. వెంటనే మోగుతుంది, తెర మీద 44.1 కనిపిస్తుంది. కానీ మీరు వింటున్నది సీడీనే. అసలు పొర వినాలంటే హెచ్‌డీఎంఐ దారి పట్టాలి. 2005లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.2 నుంచి ఆ తీగలో డీఎస్‌డీకి చోటు ఉంది. మామూలు డాక్‌కు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉండదు కాబట్టి మధ్యలో ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ (హెచ్‌డీఎంఐ నుంచి శబ్దాన్ని విడదీసి డాక్‌కు ఇచ్చే పెట్టె) పెట్టాలి.

ప్లేయర్ మెనూలో హెచ్‌డీఎంఐ ఆడియోను పీసీఎంకు (సీడీల్లో ఉండే మామూలు డిజిటల్ రూపానికి) మార్చండి, డీఎస్‌డీ అవుట్ ఆపండి. అప్పుడు ప్లేయరే సిగ్నల్‌ను 88.2 లేదా 176.4 కిలోహెర్ట్జ్ పీసీఎంగా మార్చి పంపుతుంది. డిస్కులో 5.1 (ఆరు ఛానళ్ల) ప్రోగ్రామ్ కూడా ఉంటే స్టీరియో ఎంచుకోండి. లేకపోతే ముందు ఎడమ, కుడి ఛానళ్లు మాత్రమే డాక్‌కు చేరి, సెంటర్‌లో ఉన్న గొంతు మాయమై వాద్యాలు మిగులుతాయి. ఎక్స్‌ట్రాక్టర్ స్విచ్‌ను 2 ఛానళ్ల దగ్గర పెట్టండి. దాని హెచ్‌డీఎంఐ అవుట్‌కు టీవీ కలిపి, ముందు టీవీ, తర్వాత ఎక్స్‌ట్రాక్టర్, చివర ప్లేయర్ ఆన్ చేయండి. అవతల టీవీ లేకపోతే హెచ్‌డీసీపీ (హెచ్‌డీఎంఐలో కాపీ రక్షణ) ఒప్పందం కుదరక శబ్దమే వదలని పెట్టెలు ఉన్నాయి.

ఇప్పుడు అంకె చూడండి. 88.2 లేదా 176.4 వస్తే పని అయినట్టే. 44.1 వస్తే ప్లేయర్ ఇంకా సీడీ పొరనే చదువుతూ ఉండవచ్చు. 48 వస్తే ముందు ప్లేయర్‌లో రేటు తగ్గించే సెట్టింగ్ చూడండి. అది ఆఫ్‌లో ఉన్నా 48 దాటకపోతే రేటు కోస్తున్నది ఎక్స్‌ట్రాక్టరే. రక్షణ ఉన్న ఆడియోను 48కి కుదించే పెట్టెలు చాలా ఉన్నాయి. కొనేముందే కోయాక్సియల్ అవుట్ 192 వరకు ఇస్తుందని రాసి ఉందో లేదో చదవండి. ఈ వ్యవహారంలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక జాగ్రత్త. కొన్ని డాక్‌ల వెనక హెచ్‌డీఎంఐ ఆకారంలోనే ఐ2ఎస్ (మరో రకం డిజిటల్ ఆడియో) సాకెట్ ఉంటుంది. చూపుకు ఒకటే, లోపల తీగల వరస వేరు. ప్లేయర్ హెచ్‌డీఎంఐని అందులో పెట్టకండి.

24 బిట్ 96 అని అట్ట మీద ఉంది, డాక్ 48 చూపిస్తోంది

చాలా డీవీడీ ప్లేయర్లలో డౌన్‌శాంప్లింగ్ (రేటు తగ్గించే సెట్టింగ్) ఆన్‌లోనే వస్తుంది. ఆడియో సెటప్‌లో దాన్ని ఆపండి, లేదా పీసీఎం రేటును 48 నుంచి 96కు మార్చండి. రక్షణ లేని డీవీడీ-వీడియో డిస్కు అయితే దీంతో 96 వస్తుంది. రక్షణ ఉన్న డీవీడీ-ఆడియో డిస్కు కోయాక్సియల్‌లో 48 దాటదు. దానికి ప్లేయర్ అనలాగ్ అవుట్ గానీ, పైన చెప్పిన హెచ్‌డీఎంఐ దారి గానీ తప్ప మార్గం లేదు. బ్లూ-రే ఆడియో డిస్కులకైతే సెకండరీ ఆడియో మిక్స్ సెట్టింగ్ కూడా ఆపండి.

పాట బదులు బుసబుసమని హోరు

డాక్‌కు డీటీఎస్ లేదా డాల్బీ బిట్‌స్ట్రీమ్ (విప్పాల్సిన రూపంలో ప్యాక్ చేసిన ఆడియో) వెళ్తోంది. దాన్ని విప్పలేని డాక్ ఆ అంకెలన్నింటినీ పీసీఎం అనుకుని పలుకుతుంది. స్పీకర్లకు మంచిది కాదు, వెంటనే వాల్యూమ్ తగ్గించి ప్లేయర్ డిజిటల్ అవుట్‌ను పీసీఎంకు మార్చండి.

96 వరకు బాగుంది, 176.4 దగ్గర తెగితెగి వస్తోంది

ఆప్టికల్ కేబుల్ వాడుతున్నారా? ప్లాస్టిక్ ఫైబర్ తీగలు, వాటి రిసీవర్లు చాలావాటికి 96 దాటితే కష్టమే. తీగ మూల దగ్గర మడత పడిందేమో, కొనకు దుమ్ము పట్టిందేమో చూసి మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. తగ్గకపోతే 75 ఓమ్‌ల కోయాక్సియల్‌కు మారండి.

శబ్దం మామూలు సీడీ కన్నా చిన్నగా ఉంది

డీఎస్‌డీని పీసీఎంగా మార్చినప్పుడు 6 డెసిబెల్స్ వరకు తగ్గడం మామూలే. వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పితే చాలు. ప్లేయర్‌లో 6 డెసిబెల్స్ పెంచే సెట్టింగ్ ఉన్నా, పాట ఉచ్చస్థాయికి వెళ్లినప్పుడు శబ్దం చీలితే దాన్ని తీసేయండి.

సీడీ పొర చదువుతుంది, ఎస్‌ఏసీడీ పొర దగ్గర డిస్కు లేదంటుంది

ఈ జాబితాలో నిజంగా హార్డ్‌వేర్ జబ్బు ఇదొక్కటే. హైబ్రిడ్ డిస్కులో సీడీ పొర 1.2 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, 780 నానోమీటర్ల లేజర్ చదువుతుంది. ఎస్‌ఏసీడీ పొర 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, దానికి డీవీడీలకు వాడే 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి. కాబట్టి ఆ ప్లేయర్ డీవీడీలూ ఆడించేదైతే ఒక డీవీడీ పెట్టి చూడండి. డీవీడీ ఆడితే తప్పు మీ డిస్కుది కావచ్చు. మధ్య నుంచి అంచుకు నేరుగా గీతలా తుడిచి, గుండ్రంగా రుద్దకుండా, మళ్లీ పెట్టండి. డీవీడీ కూడా ఆడకపోతే కటకం మురికి పట్టి ఉండాలి, లేదా ఎర్ర లేజర్ నీరసించి ఉండాలి. కటకాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో నొక్కకుండా తుడిచి చూడండి. అయినా లొంగకపోతే పికప్ (లేజర్, కటకం ఉన్న భాగం) మార్చాల్సిందే.